సెన్సర్లు మార్చినా చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదు, ఇప్పుడు కన్వర్టర్ కూడా మార్చాలా?

మీరు అడిగింది ఇదీ: తొమ్మిదేళ్ల పెట్రోలు కారు. ఏడు నెలలుగా చెక్ ఇంజిన్ లైటు వస్తూ పోతూ ఉంది. మొదట పి0171 కోడ్ (కారు కంప్యూటర్ నమోదు చేసే తప్పు సంకేతం) వస్తే ముందు వైపున్న ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. కొన్నాళ్లకు పి0420 తోడైంది, అప్పుడు వెనక సెన్సర్ మార్చారు, ఆ తరువాత స్పార్క్ ప్లగ్గులు. ప్రతిసారీ కోడ్ చెరిపి బండి ఇచ్చేస్తున్నారు, వారం పది రోజులకు లైటు మళ్లీ వెలుగుతోంది. ఇప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విష వాయువులను తగ్గించే భాగం) పోయిందంటున్నారు. దాని ఖర్చు కారు విలువలో దాదాపు నాలుగో వంతు. బండి మామూలుగానే నడుస్తోంది, మైలేజీ మాత్రం కొంచెం తగ్గింది, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు సన్నగా టకటక చప్పుడు వస్తోంది. కన్వర్టర్ మార్చాలా, లేక లైటును పట్టించుకోకుండా నడిపేయవచ్చా?

కన్వర్టర్ ఇప్పుడే మార్చకండి. అది నిజంగానే పోయి ఉండవచ్చు, కాదనను. కానీ మీరు రాసినదాంట్లో అది పోయిందని నిరూపించేది ఒక్కటీ లేదు. ముందు ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోనూ, పొగ బయటికి వచ్చే దారిలోనూ లీకు ఉందేమో చూపించండి. గంట, రెండు గంటల పని. ఆ పొద్దుటి చప్పుడు గురించి మీరు చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు గానీ, నా దృష్టిలో మీ ప్రశ్న మొత్తంలో ముఖ్యమైన మాట అదే.

నడపడం సంగతి: లైటు నిలకడగా వెలుగుతున్నంత వరకు, బండిలో వణుకు, పెట్రోలు వాసన, వేడెక్కడం లాంటివి లేనంత వరకు నడుపుకోవచ్చు. లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం వెంటనే వేగం తగ్గించి, వీలైన చోట ఆపేయండి. ఎందుకో తరువాత చెబుతాను.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావరకు ఇప్పటికే రెండు మూడు చోట్ల విప్పి బిగించి, భాగాలు మార్చి, అయినా లైటు ఆరనివి. వాటన్నిటిలో నాకు కనిపించే తప్పు ఒకటే. కోడ్‌ను తీర్పు అనుకుంటారు. అది ఫిర్యాదు మాత్రమే. ఆక్సిజన్ సెన్సర్ ‘ఇక్కడ ఏదో తేడాగా ఉంది’ అని చెబితే, ఆ తేడా ఎక్కడిదని వెతక్కుండా చెప్పిన సెన్సర్‌నే పీకి పారేస్తారు. సాక్షిని మార్చేశారు, నేరం అలాగే ఉంది. కొత్త సాక్షి కూడా వారం తిరక్కుండా అదే మాట చెబుతాడు. మీ బండిలో జరిగింది అచ్చంగా ఇదే.

పి0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ముందు సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూస్తుంది. ఎక్కువ కనిపిస్తే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. అలా ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకెనే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే కంగారు లేదు. చాలా బండ్లలో అది 20, 25 శాతం దరిదాపులకు చేరినప్పుడు ఇక నా వల్ల కాదని కంప్యూటర్ లైటు వెలిగిస్తుంది. అంటే మీ బండి కొన్ని నెలలుగా అదనంగా పెట్రోలు పోసుకుంటూ ఉండవచ్చు. మైలేజీ తగ్గడానికి అది కూడా కారణం కావచ్చు.

పి0420 అంటే కన్వర్టర్ పనితనం తగ్గినట్టు అనిపిస్తోందని. ‘అనిపిస్తోంది’ అని కావాలనే రాశాను. కంప్యూటర్ కన్వర్టర్ లోపలికి తొంగి చూడలేదు. కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్‌నూ వెనకున్న సెన్సర్‌నూ పోల్చి చూసుకుంటుంది, అంతే. పాతరకం సెన్సర్లున్న బండ్లలో ముందుది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా ఊగుతూ ఉంటుంది. కన్వర్టర్ ఆక్సిజన్‌ను దాచుకుని, వాడుకుని ఆ ఊపును మింగేస్తుంది కాబట్టి వెనకది 0.6, 0.7 దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలాగే ఊగితే కన్వర్టర్ మీద అనుమానం వస్తుంది. (కొత్త బండ్లలో చాలావాటికి ముందు సెన్సర్ వేరే రకం, అది ఇలా ఊగదు. అక్కడ వెనకదాని నిలకడ ఒక్కటే చూసుకోవాలి.) అయితే పొగ గొట్టం ఎక్కడో కారుతూ బయటి గాలి లోపలికి వస్తుంటే ఈ లెక్కంతా తప్పుతుంది. మంచి కన్వర్టర్ మీద కూడా అప్పుడు నింద పడుతుంది.

పొగ బయటికి పోయే గొట్టంలోకి గాలి ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. పొగ ఒకే ధారగా పోదు. ఒక్కో సిలిండర్ నుంచి ఒక్కో తోపుగా వస్తుంది, రెండు తోపుల నడుమ గొట్టంలో క్షణకాలం పీల్పు ఏర్పడుతుంది. సన్నని సందు ఉంటే ఆ క్షణంలో గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్‌కు ఆ ఆక్సిజన్ ఇంజిన్ నుంచి వచ్చిందా, బయటి నుంచి వచ్చిందా అనేది తెలియదు.

మీ బండిలాంటిదే ఒకటి నా దగ్గరికి వచ్చింది. అవే రెండు కోడ్‌లు. ఆయన చేతిలో కన్వర్టర్ ఖర్చు అంచనా కాగితం ఉంది. బండిని రాత్రికి ఇక్కడే వదిలి వెళ్లమన్నాను. పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా బానెట్ ఎత్తి, కుర్రవాడిని స్టార్ట్ చేయమని, ఒక రబ్బరు గొట్టం కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను ఇంజిన్‌కూ పొగ గొట్టానికీ మధ్య అతుకు వెంట మెల్లగా జరుపుతూ వెళ్లాను. మూడో సిలిండర్ దగ్గరికి రాగానే టక్ టక్ టక్ అని చెవిలో కొట్టినట్టు వినిపించింది. అయిదు నిమిషాలు గడిచాయి, లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుంది, చప్పుడు మాయమైంది. అంతకుముందు చూసిన మెకానిక్ చేతకానివాడేమీ కాదు. ఆయన దగ్గరికి బండి ఎప్పుడూ నడిచి, వేడెక్కి వచ్చేది, అందుకే ఆ చప్పుడు ఒక్కసారి కూడా ఆయన చెవిన పడలేదు. ఇంజిన్ ఆపి, చల్లారాక పైనున్న వేడి రేకు విప్పితే, బూడిదరంగు లోహం మీద బోల్టు పక్క నుంచి బయటికి పాకిన నల్లని మసి గీత కనిపించింది, వేలితో కాటుక దిద్దినట్టు. అతుకును బిగించే ఒక స్టడ్ (తల లేని బోల్టు) విరిగిపోయి ఉంది. స్టడ్, గాస్కెట్ (అతుకులో సందు మూసే పొర) వేశాం. 22 దగ్గర ఉన్న ట్రిమ్ రెండు వారాలకు 4కు దిగింది. రెండు కోడ్‌లూ మళ్లీ రాలేదు, కన్వర్టర్ పాతదే.

మీ పొద్దుటి చప్పుడు కూడా ఇదేనని నేను ఒట్టు వేయను. వాల్వుల సర్దుబాటు తేడా వచ్చినా టకటకమంటుంది. కానీ వేడెక్కగానే ఆగిపోతుంటే, ఆ వైపు చూడకుండా కన్వర్టర్ దాకా వెళ్లడం తప్పు.

రెండో అనుమానం ఇంజిన్‌లోకి గాలి వెళ్లే వైపు లీకు. దీన్ని పట్టుకోవడానికి స్కానర్‌లో (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) ట్రిమ్‌ను రెండుసార్లు చదవాలి, ఒకసారి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు), ఇంకోసారి 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, వేగం పెంచగానే బాగా తగ్గితే గాలి దొంగదారిన వస్తోందన్నమాట. ఐడిల్‌లో ఇంజిన్ తీసుకునే గాలే తక్కువ, పీల్పు ఎక్కువ, కాబట్టి చిన్న కన్నం కూడా పెద్ద వాటా అవుతుంది. అలా కాకుండా వేగం, ఇంజిన్ మీద భారం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు పంపు ఒత్తిడి, ఫిల్టర్, గాలిని కొలిచే సెన్సర్ వైపు చూడాలి. రెండుచోట్లా దాదాపు ఒకేలా ఎక్కువగా ఉంటే పొగ గొట్టం లీకును కూడా లెక్కలోకి తీసుకుంటాను.

ఒక బండి ఐడిల్‌లో 24, పైన 6 చూపింది. అప్పటికి నాలుగు భాగాలు మార్చించుకుని వచ్చారు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఒక్కో గొట్టాన్నే వేళ్లతో తడుముతూ వెళ్లాను. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) నుంచి ఆవిరి తెచ్చే గొట్టం దగ్గరికి వచ్చేసరికి రబ్బరు మెత్తగా, ఉబ్బినట్టుగా, నూనె జిడ్డుతో తగిలింది. ఎన్నో ఏళ్ల నూనె ఆవిరి పీల్చి అలా అయింది. అడుగు వైపు వేలు పోనిచ్చేసరికి వేలి చివర చర్మాన్ని లోపలికి లాగింది. ఆ పగులును వేలితో మూస్తే ఐడిల్ నెమ్మదించింది, తీస్తే మళ్లీ తడబడింది. గోరంత పొడవు పగులు, అద్దం పెట్టి చూస్తే తప్ప కనిపించదు. కొత్త గొట్టం ఖరీదు వాళ్లు అంతకుముందు మార్చిన సెన్సర్ ఖరీదులో పదో వంతు కూడా లేదు. ఇలాంటివి చేతికి దొరకనప్పుడు పొగ పరీక్ష చేయాలి. యంత్రంతో గాలి దారిలోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపిస్తే, పగులు ఎక్కడుంటే అక్కడి నుంచి సన్నటి దారంలా బయటికి వస్తుంది. మీరు ముందుగా డబ్బు పెట్టాల్సింది ఈ పరీక్షకు.

కోడ్ చెరపడం రిపేరు కాదు. చెరిపితే లైటు ఆరుతుంది, దానితోపాటు ఆధారాలు కూడా పోతాయి. తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి, భారం, ట్రిమ్ ఎంతో కంప్యూటర్ ఒక ఫోటోలా భద్రపరుస్తుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. మీ బండిలో ఆ సమాచారాన్ని మూడుసార్లు తుడిచేశారు. వారం పది రోజులు ఎందుకు పడుతుందో కూడా చెబుతాను. ఇలాంటి తప్పులను కంప్యూటర్ చాలావరకు ఒక్కసారి చూసి నమ్మదు, వరసగా రెండు ప్రయాణాల్లో కనిపించాలి. కన్వర్టర్ పరీక్ష అయితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, బండి కొంతసేపు నిలకడ వేగంతో వెళ్తేనే మొదలవుతుంది. ఊళ్లో చిన్న చిన్న ప్రయాణాలే చేస్తుంటే ఆ పరీక్ష రోజుల తరబడి జరగనే జరగదు. కాబట్టి ‘వారం లైటు రాలేదు, అంటే సెన్సర్ మార్చడం పనిచేసింది’ అనుకోవద్దు. ఆ వారం కంప్యూటర్ ఇంకా పరీక్షే రాయలేదు. అసలు తప్పు సరిదిద్దితే చెరపకపోయినా, పరీక్ష జరిగి అంతా బాగున్న ప్రయాణాలు వరసగా మూడు పూర్తయ్యాక లైటు తానే ఆరుతుంది.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, మీకు అవసరం కాబట్టి. పని మొదలుపెట్టిన తొలి ఏళ్లలో ఒక బండికి అన్నీ కొలిచి చూశాను, లీకులు లేవు, కన్వర్టర్ నిజంగానే పోయింది. కొత్తది వేశాను. ఏడు నెలలకు అదే కోడ్‌తో బండి తిరిగి వచ్చింది. అప్పుడు అడిగాను, ఇంజిన్ ఆయిల్ ఎంత తాగుతోందని. ప్రతి 1,500 కిలోమీటర్లకు లీటరు పోస్తున్నామన్నారు. మండిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ లాంటివి కన్వర్టర్ లోపలి పూత మీద పేరుకుని దాన్ని పనికిరాకుండా చేస్తాయి. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న నేను అడగలేదు. రెండో కన్వర్టర్ నా డబ్బుతో వేశాను, కానీ ఆ కుటుంబం బండి లేక పడ్డ ఇబ్బంది నేను తీర్చలేకపోయాను. కన్వర్టర్ తనంతట తాను అంత తేలికగా చావదు, దాన్ని ఏదో ఒకటి చంపుతుంది. ఆయిల్, కూలెంట్, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు మండకపోవడం), మోతాదు మించిన పెట్రోలు, వీటిలో ఏదో ఒకటి. మీ బండికి చివరకు కన్వర్టరే మార్చాల్సి వచ్చినా, పాతది ఎందుకు పోయిందో చెప్పగలిగిన వాళ్ల చేతనే వేయించుకోండి.

మిణుకుమిణుకుమనే లైటు సంగతి ఇక్కడే వస్తుంది. ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు మండకుండా అలాగే బయటికి పోతోందని దాని అర్థం. ఆ పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌లో మండుతుంది. లోపలి వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటిపోగలదు, తేనెపట్టులాంటి పింగాణీ అచ్చు కరిగి ముద్దవుతుంది. ప్లగ్గుకు కరెంటు అందించే ఒక ఇగ్నిషన్ కాయిల్‌తో పోయే ఖర్చు కొద్దిసేపట్లోనే కన్వర్టర్ ఖర్చు అవుతుంది. కాయిల్ అనుమానం వస్తే కొత్తది కొనకముందే పక్క సిలిండర్‌దానితో మార్చి చూడమనండి. పి0302 (రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్) వచ్చినది, మూడోదాంతో మార్చాక పి0303 (మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్)గా మారితే కాయిల్ పోయినట్టే, మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. ఈ పరీక్షకు కొత్త భాగమేదీ కొనక్కరలేదు.

ఖర్చు గురించి అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. జనం భాగానికి డబ్బు ఇవ్వడానికి వెనకాడరు, ‘ఊరికే చూసినందుకు’ ఇవ్వమంటే మాత్రం బాధపడతారు. అందుకే చాలా చోట్ల చూడటం మానేసి భాగాలు అమ్ముతారు. రోగ నిర్ధారణకు ఇచ్చే డబ్బే మీరు పెట్టే డబ్బులో అన్నిటికన్నా మంచిది. అంచనా అడిగేటప్పుడు ఏ భాగం మార్చాలని కాదు, ఏ కొలత చూసి అది పోయిందంటున్నారని అడగండి. ‘కోడ్ వచ్చింది కదా’ అన్నదే జవాబైతే అక్కడి నుంచి వచ్చేయండి. ‘లీకులు లేవని పొగతో చూశాం, ట్రిమ్ ఇంత, వెనక సెన్సర్ ఇలా ఊగుతోంది’ అని చెప్పగలిగితే ఆయన్ని నమ్మవచ్చు. తీసిన పాత భాగం మీకు ఇవ్వమనండి. కారు కాగితాల్లో పొగ నియంత్రణ భాగాలకు విడిగా వారంటీ ఉందేమో చూడండి, కొన్నిసార్లు అది మామూలు వారంటీకన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

మరీ చౌకగా దొరికే కన్వర్టర్ వైపు వెళ్లవద్దు. పనిచేసేది లోపల పూసిన ప్లాటినం, పల్లాడియం, రోడియం. చౌక వాటిలో ఆ పూతే పలచన, కొన్ని నెలలకే అదే కోడ్‌తో వెనక్కి వచ్చినవి చాలా చూశాను. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు కరిగిపోయిన కన్వర్టర్‌ను బాగు చేయలేవు. వెనక సెన్సర్ కింద తొడుగు పెట్టి కంప్యూటర్‌ను ఏమార్చమని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు, చేయకండి. విషపు పొగ అలాగే పోతుంది, చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం కూడా.

పట్టించుకోకుండా నడిపేయడం మీద నా అభ్యంతరం ఒకటుంది. ఎప్పుడూ వెలుగుతూ ఉండే దీపం కొత్త కబురు చెప్పలేదు. రేపు ఇంజిన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయి పి0128 వచ్చినా, ఇంకేదైనా పాడైనా మీకు అదే పసుపు దీపం కనిపిస్తుంది. అందుకే ఒక చిన్న స్కానర్ కొనుక్కోండి. 1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లకు, 2001 నుంచి ఐరోపాలో వచ్చిన పెట్రోలు కార్లకు స్కానర్ తగిలించే 16 పిన్నుల సాకెట్ తప్పనిసరి, ఆ తరువాత దాదాపు అన్నిచోట్లా అదే వచ్చింది. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర ఉంటుంది. వారానికొకసారి పెట్టి కొత్త కోడ్ ఏదైనా చేరిందేమో చూసుకోండి.

అన్నట్టు బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్తు వైరు ఒకసారి శుభ్రం చేయించి బిగింపు చూపించండి. వోల్టేజీ సరిగా లేక సెన్సర్లు తప్పు చెప్పిన సందర్భాలు తక్కువేమీ కాదు. మీ కోడ్‌లకు అదే కారణమని అనుకోను గానీ, పది నిమిషాల పని.

మరొక్క మాట, మీకు ఇష్టం లేకపోయినా చెప్పాలి. లీకు దొరికి సరిచేసిన తరువాత కూడా పి0420 తిరిగి రావచ్చు. ఏడు నెలలు అదనపు పెట్రోలుతో నడిచిన బండి కన్వర్టర్‌కు కొంత దెబ్బ తగిలి ఉండే అవకాశం ఉంది. లీకు సరిచేశాక మూడు, నాలుగు వారాలు నడపండి, వాటిలో కనీసం రెండు మూడు దూరప్రయాణాలు ఉండాలి. స్వయం పరీక్షలన్నీ పూర్తయ్యాయని స్కానర్ చూపించాక, ట్రిమ్ పది లోపు ఉండి కూడా పి0420 వస్తే, అప్పుడు కన్వర్టర్ మార్చండి.

ప్రస్తుతానికి మీ నుంచి నాకు మూడు సంగతులు కావాలి. రాత్రంతా ఆపిన బండిని పొద్దున స్టార్ట్ చేసి, ఆ చప్పుడు ఎన్ని నిమిషాలకు ఆగుతోందో గడియారం చూసి రాయండి. ఐడిల్‌లోనూ, 2,500 దగ్గరా లాంగ్ టర్మ్ ట్రిమ్ (నిలకడగా చేస్తున్న సర్దుబాటు), షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు) ఎంతో రాయండి. ఈసారి లైటు రాగానే ఎవరినీ చెరపనివ్వకుండా ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసి పెట్టండి. అవి చూశాక గాలి వైపు వెతకాలో, పొగ గొట్టం వైపు వెతకాలో మీకు ఇంకా కచ్చితంగా చెప్పగలను.